ఆరు నుంచి పది దాకా అడవిపంది

డిసెంబరు ఒకటో తేదీ నుంచి మా ఊరి అడవిపందుల హోదా మారింది. నవంబరు ముప్పయ్యో తేదీ సాయంత్రం దాకా అవి 'ఉపద్రవం'. మర్నాడు పొద్దున ఆరు గంటలకల్లా 'శీతాకాల విశేష ఆకర్షణ' అయ్యాయి. ఈ సంగతి పందులకు తప్ప సంబంధితులందరికీ లిఖితపూర్వకంగా తెలియజేశారు. ఆ కాగితాన్ని తెలుగులోకి మార్చింది నేనే.

మాది నక్కలగుట్టపల్లి. ఊరి పక్కన గుట్ట, గుట్ట కింద మంచుకోన గోల్ఫ్ రిసార్టు. ఏడేళ్ల కిందట అక్కడ కంపచెట్లూ రాతిగుండ్లూ ఉండేవి. ఇప్పుడు పచ్చిక, ఆ పచ్చికలో పద్దెనిమిది గుంతలు ఉన్నాయి. బెంగుళూరు నుంచి పెద్దమనుషులు కార్లలో వచ్చి, తెల్లబంతిని కర్రతో కొట్టి, అది గుంతలో పడేదాకా దాని వెంట నడిచి, పడ్డాక తీసుకుని ఇంకో గుంతకు పోతారు. నేను బీకాం చదివి అక్కడి ఆఫీసులో కాగితాల పనిలో చేరాను. ఇంగ్లీషులో వచ్చే సర్క్యులర్లను తెలుగులోకి, తెలుగులో వచ్చే తిట్లను ఇంగ్లీషులోకి మార్చడం నా ఉద్యోగం. రెండో పనిలో చాలా భాగం వదిలేస్తుంటాను.

నీళ్లు చిమ్మిన పచ్చిక ఉంటే జీవాలు రాకుండా ఉండవు. వేర్ల కోసం, వానపాముల కోసం పందులు వచ్చేవి. లేతగడ్డికి జింకలు, కుందేళ్లు వచ్చేవి. నెమళ్లు ఊరికే తిరగడానికి వచ్చేవి. వాటన్నిటినీ తరమడానికి మా ఊరి మారెన్నను పెట్టుకున్నారు. ఊళ్లో ఆ పనిని 'పందులు తోలేది' అంటారు. రిసార్టులో 'వన్యప్రాణి నిరోధక సహాయకుడు' అంటారు. ఎవరు ఏమన్నా పని ఒకటే. తెల్లారగానే రేకు డబ్బా మెడకు తగిలించుకుని, కట్టెతో వాయిస్తూ, పడమటి గేటు దగ్గర మొదలుపెట్టి తూర్పు గోడ దాకా నడవాలి. తూర్పు గోడ ఒకచోట కూలిపోయి ఉంది. జీవాలు ఆ సందులోంచి అవతలికి పోయేవి.

అవతల ఉన్నది మారెన్న సొంత చేను. రెండెకరాల కంది.

ఆ చేలో మంచె మీద మారెన్న పెళ్లాం సంజమ్మ కాపలా ఉండేది. ఆమెకూ ఒక డబ్బా ఉంది. మొగుడు టిఫినుకు పోయేదాకా ఓపిక పట్టి, తన డబ్బా అందుకుని, వచ్చిన జీవాల్ని వచ్చిన సందులోంచే వెనక్కి తోలేది. ఇలా ఏడేళ్లు గడిచాయి. పందులకు ఇది అలవాటైపోయి, డబ్బా ఇంకా మోగలేదేమని అప్పుడప్పుడు సందు దగ్గర నిలబడి చూసేవి కూడా.

వాళ్ల సంసారంలో తగాదా ఏదైనా ఉంటే ఇదొక్కటే.

"నీ ఉద్యోగానికి నా చేనే దొరికిందా అయ్యా? పడమటికి తోలితే ఏం పోయింది?" అనేది సంజమ్మ, సంగటిముద్ద పెడుతూ.

"పడమట గేటుండాది మే. గేట్లోంచి పంది బయటికి పోతే సెక్యూరిటీవాడు పుస్తకంలో రాయల్ల. పేరు, ఫోన్ నంబరు అన్నీ అడుగుతాడు" అనేవాడు మారెన్న.

ఇద్దరూ తమ పని తాము ఒళ్లు దాచుకోకుండా చేయడం వల్ల ఇటు పచ్చికా దక్కేది, అటు చేనూ దక్కేది.

ఇలా ఉండగా హెడ్డాఫీసు ఒక విషయం కనిపెట్టింది. డిసెంబరు, జనవరి నెలల్లో గుట్ట కింద పదింటి దాకా మంచు విడదు. కొట్టిన బంతి ఎక్కడ పడిందో కనపడదు. కాబట్టి ఆరు నుంచి పది దాకా అతిథులు ఖాళీగా ఉంటున్నారు. అతిథి ఖాళీగా ఉండటం సంస్థ విలువలకు విరుద్ధం. అందువల్ల ఆ నాలుగు గంటలు 'శీతాకాల వన్యప్రాణి వీక్షణ' జరపాలని తీర్మానించారు. నున్నటి కాగితం మీద రంగుల కరపత్రం అచ్చేశారు. అడవిపంది, కృష్ణజింక, నెమలి, కుందేలు, నక్క, ఈ అయిదు జాతులనూ చూపించే పూచీ మాది, చూపించలేకపోతే జనరల్ మేనేజరు స్వహస్తాలతో సంతకం చేసిన క్షమాపణ పత్రం ఇస్తాం అని అందులో ఉంది.

జనరల్ మేనేజరు విశ్వంభర్ గారు ఆ కరపత్రాన్ని రెండుసార్లు చదివారు.

"ఇరవై రెండేళ్ల సర్వీసులో నేను ఎవరికీ క్షమాపణ చెప్పి ఎరగను" అన్నారు. "మా ఇంట్లోవాళ్లకు కూడా."

ఈ కార్యక్రమం నడపడానికి హెడ్డాఫీసు నుంచి మృణాళిని గారనే ఆమె వచ్చారు. ఆమె హోదా 'అనుభవ విభాగాధిపతి'. అతిథికి ఏ అనుభవం కలగాలో ముందే నిర్ణయించి, కలిగిందో లేదో తర్వాత ఫారంలో నింపించుకోవడం ఆమె పని. వచ్చిన రోజే ఆమె మారెన్నను పిలిపించారు.

"జంతువుల కదలికల మీద మీకు ఏడేళ్ల ఫీల్డ్ అనుభవం ఉందని రికార్డులో చూశాను. ఈరోజు నుంచి మీరు ప్రకృతి వ్యాఖ్యాత."

"అంటే ఏం చేయల్ల మేడం?"

"ఇన్నాళ్లూ జంతువుల్ని పంపించారు కదా. ఇప్పుడు చూపిస్తారు."

మారెన్న మెడలోని డబ్బా తీసి స్టోర్లో జమ చేసుకుని రసీదు ఇచ్చారు. దాని స్థానంలో దుర్భిణి తగిలించారు.

మొదటి రోజు రెండు బ్యాటరీ బండ్లలో పన్నెండుమంది అతిథులు బయల్దేరారు. ముందు బండిలో మారెన్న. తొమ్మిదో గుంత దగ్గర పెద్ద పంది ఒకటి పిల్లలతో సహా ప్రశాంతంగా మేస్తోంది. మారెన్న బండి దిగి, నేర్పించినట్టే చెయ్యి చాచి, "అదో సార్, అడవిపంది" అన్నాడు.

పంది తలెత్తి మారెన్నను చూసింది. ఏడేళ్ల పరిచయం. మరుక్షణం పిల్లలతో సహా సందు వైపు పరుగు తీసింది. దాని వెనక, అక్కడున్నాయని ఎవరికీ తెలియని పొదల్లోంచి కుందేళ్లు లేచాయి. వాటి వెనక జింకలు. అర నిమిషంలో మైదానం కడిగినట్టు ఖాళీ అయింది. అతిథులు దుర్భిణులు ఇంకా మెడలోంచి పైకి ఎత్తుతూనే ఉన్నారు.

"ఏమిటి కనిపించింది?" అని వెనక బండిలోని ముసలాయన అడిగాడు.

"తోకలు" అంది ఆయన భార్య.

ఆ సాయంత్రం సమీక్షా సమావేశం జరిగింది. తోక కనిపిస్తే జాతి కనిపించినట్టా కాదా అన్నది అజెండాలో మొదటి అంశం. గంటన్నర చర్చించి, ముఖభాగ దర్శనం పూర్తి దర్శనమనీ, పృష్ఠభాగ దర్శనం అర దర్శనమనీ నిర్ణయించారు. రెండు తోకలకు ఒక జంతువు. ఆ మేరకు ఫారంలో అదనపు గడి చేర్చారు. తోక లేకుండా పరుగెత్తిన నెమలి ఒకటి ఉందని ఒక అతిథి రాశాడు. దాన్ని పెండింగులో పెట్టారు.

రెండో అంశం సిబ్బంది గుర్తింపు తగ్గింపు. అంటే జంతువులు మారెన్నను గుర్తుపట్టకుండా చూడాలి. మర్నాడు అతనికి కోటు, టై, తెల్లటోపీ ఇచ్చారు. పందులు నడక చూసి గుర్తుపట్టాయి. ఆ తర్వాతి రోజు నడక కనపడకుండా బండిలో కూర్చోబెట్టి పైన దుప్పటి కప్పారు. పదకొండో గుంత దాకా అంతా బాగానే జరిగింది. అక్కడ అతనికి దగ్గు వచ్చింది.

"ఏడేండ్లు ఈ చలిలో వాటి యెనకాల దగ్గుకుంటా తిరిగినోణ్ని మేడం. గొంతు తెలీదా వాటికి" అన్నాడు మారెన్న, దుప్పటిలోంచే.

విశ్వంభర్ గారు ఆ రోజు ఇరవై మూడు క్షమాపణ పత్రాల మీద సంతకం చేశారు. పద్దెనిమిదో కాగితం దగ్గర నా వైపు చూసి, "సూరీ, 'చింతిస్తున్నాము' అనే మాటకు బదులు ఇంకేదైనా ఉందా, కొంచెం చిన్నది?" అని అడిగారు.

నాలుగో రోజు మృణాళిని గారికి తూర్పు గోడ అవతల నుంచి చప్పుడు వినపడింది. సంజమ్మ డబ్బా. మృణాళిని గారి ముఖం వెలిగిపోయింది. అసలు కారణం దొరికింది.

"ధ్వని కాలుష్యం" అన్నారామె సమావేశంలో. "గోడ పక్కనే నిరంతర ధ్వని మూలం పెట్టుకుని, మనం పాపం ఆయన్ని దుప్పట్లో చుట్టాం. వెంటనే శబ్దరహిత మండలం ప్రకటించాలి."

నేను లేచి నిలబడి, ఆ చప్పుడు వల్లే జంతువులు చేలోంచి మన మైదానంలోకి వస్తున్నాయి, అది ఆగితే అవి చేలోనే ఉండిపోతాయి అని చెప్పాను.

"ఎవరు చెప్పారు?" అన్నారు విశ్వంభర్ గారు.

"ఊళ్లో అందరికీ తెలుసు సార్."

"స్థానిక అభిప్రాయాన్ని గౌరవిద్దాం" అని ఆయన నోట్సులో రాసుకున్నారు. "అయితే అభిప్రాయం డేటా కాదు."

సంజమ్మ తన చేలో తాను డబ్బా కొట్టుకుంటే ఆపే అధికారం రిసార్టుకు లేదు. కానీ ఉద్యోగి మీద ఉంది. అందుకని నోటీసు మారెన్న పేరు మీద తయారైంది. ఉదయం ఆరు నుంచి పది దాకా గోడకు అరకిలోమీటరు లోపల డబ్బా, డప్పు, ఈల, కేక, టపాకాయ, మంట, పొగ, కుక్క నిషిద్ధం. కుటుంబసభ్యుల శబ్దానికి ఉద్యోగే బాధ్యుడు. ఉల్లంఘిస్తే ఉద్యోగం ఉండదు.

ఆ కాగితం పట్టుకుని నేనే చేనికి పోయాను. సంజమ్మ నాకు వరసకు అక్క. మంచె మీద కాళ్లు వేలాడేసుకుని కూర్చుని ఉంది. కింద కంది నడుముదాకా పెరిగి, కొమ్మ కొమ్మకూ కాయలతో వంగి ఉంది. అంతకు ముందు రెండేళ్లు వాన లేక విత్తనం కూడా తిరిగి రాలేదు. మూడో ఏడు పంట అది.

"చదువురా సూరీ" అంది. చదివాను.

"నేను కొడితేనే కదరా అవి మీ పక్కకు వచ్చేది. కొట్టకపోతే ఈడనే తిని ఈడనే పండుకుంటాయి. నీకు తెలీదా?"

"తెలుసక్కా. చెప్పినా."

"ఏమన్నారు?"

"అభిప్రాయం అన్నారు."

సంజమ్మ చేనంతా ఒకసారి చూసింది. "ఇంకో పది దినాలు నిలబెట్టుకుంటే కోతకొస్తాది. నా పంట పోతే ఏడుస్తా. నీ బావ ఉద్యోగం పోతే ఆయప్ప దినమంతా ఇంట్లోనే ఉంటాడు, అదింకో ఏడుపు" అని, డబ్బా మంచె మీద నుంచి కిందికి వేసింది. "మీ సారుకు చెప్పు. నేను నోరు మూసుకుంటా. పందులు నోరు తెరుస్తాయి."

నోరు మూసుకుంటానన్న మాట వరకు ఇంగ్లీషులోకి మార్చి చెప్పాను.

రెండు రోజుల్లో రిసార్టు మైదానంలో కుందేలు కూడా మిగల్లేదు. గుట్ట మీది జీవాలన్నీ సంజమ్మ చేలో కాపురం పెట్టాయి. బండ్లు పద్దెనిమిది గుంతలూ తిరిగి ఖాళీగా వచ్చేవి. అతిథులు మాత్రం ఖాళీగా లేరు. ఎవరో ఒకాయన గోడ దగ్గరికి పోయి అవతలికి తొంగి చూశాడు. చూసి మిగతావాళ్లను పిలిచాడు. మర్నాటికి గోడ పొడుగునా కుర్చీలు వేశారు. కాఫీ కూడా అక్కడికే తెచ్చారు.

మారెన్న కోటు వేసుకుని గోడ దగ్గర నిలబడి వ్యాఖ్యానం చెప్పేవాడు.

"అది అడవిపంది సార్. అది తింటాండేది కంది. కంది నాది."

"ఎంత బాగా నములుతోందో" అని ఒకామె మెచ్చుకునేది.

"అవునమ్మా. లేత కాయ ముందు తింటాది. ముదురు కాయ రేపటికి పెట్టుకుంటాది."

అయితే హెడ్డాఫీసు అభ్యంతరం పెట్టింది. జంతువులు సంస్థ ఆస్తి పరిధికి బయట ఉన్నాయి, ఆ దర్శనాలు చెల్లవు, క్షమాపణ పత్రాలు ఇవ్వాల్సిందే అంది. విశ్వంభర్ గారు న్యాయసలహా తెప్పించారు. అతిథి పాదాలు పరిధి లోపల ఉన్నంతవరకు, చూపు బయల్దేరిన స్థలమే ప్రమాణం, చూపు చేరిన స్థలం కాదు అని అందులో ఉంది. హెడ్డాఫీసు ఒప్పుకుంది. ఆ రోజు విశ్వంభర్ గారు కలానికి మూత పెట్టి, ఏడు రోజుల తర్వాత మొదటిసారి నవ్వారు.

రెండో వారానికి చేలో తూర్పు వైపు నాలుగో వంతు నేలమట్టం అయింది. సంజమ్మ పదింటి తర్వాత డబ్బా కొట్టి చూసింది. కడుపు నిండిన పందులు లేవలేదు. కాయ ఎండుతోంది. ఇక ఆగితే మిగిలింది కూడా దక్కదు. ఆమె నేరుగా ఆఫీసుకు వచ్చింది. విశ్వంభర్ గారు లేచి కుర్చీ చూపించారు. ఆమె నేల మీద కాళ్లు గట్టిగా ఆనించి కూర్చుంది.

"సామీ, ఆ పందులు ఎవరివి?"

"వన్యప్రాణులు ఎవరి సొత్తూ కావమ్మా."

"అట్లయితే నేను తోలుకుంటా."

"అది కుదరదు. ఆరు నుంచి పది దాకా అవి మా కార్యక్రమంలో భాగం."

"పది తర్వాత?"

"పది తర్వాత వాటి వ్యక్తిగత సమయం."

"సరే సామీ. నేను కంది కోసుకుంటా."

విశ్వంభర్ గారు మృణాళిని గారి వైపు చూశారు. కందిచేను ఇప్పుడు సహజ ఆవాసం వర్గంలోకి వస్తుందనీ, ఆవాసం తొలగింపు మీద నిర్ణయం హెడ్డాఫీసు కమిటీ తీసుకోవాలనీ, కమిటీ జనవరి ముప్పయ్యొకటిన కూర్చుంటుందనీ ఆమె వివరించారు.

"అప్పటికి కట్టెలు మిగులుతాయి" అంది సంజమ్మ.

"కట్టెల విషయం కూడా కమిటీ దృష్టికి తీసుకెళ్తాం" అన్నారు విశ్వంభర్ గారు, నోట్సులో రాసుకుంటూ.

సంజమ్మ బయటికి వచ్చి, వరండాలో నన్ను ఆపింది.

"ఆ కాగితంలో ఏమేమి వద్దన్నారో ఇంకోతూరి చెప్పురా."

"డబ్బా, డప్పు, ఈల, కేక, టపాకాయ, మంట, పొగ, కుక్క."

"కొడవలి?"

"లేదక్కా."

"కమిటీ ఎప్పుడన్నారు?"

"వచ్చే నెలాఖరుకు."

సంజమ్మ వరండా దిగింది. ఇంటికి కూడా పోకుండా నేరుగా కూలివాళ్లను పిలవడానికి పోయింది.

మర్నాడు ఆరింటికి అతిథులు కాఫీ కప్పులతో గోడ దగ్గర కుర్చీల్లో సర్దుకుంటుండగా, మంచులోంచి పదహారుమంది ఆడవాళ్లు కొడవళ్లు పట్టుకుని వచ్చారు. గాజులు చప్పుడు కాకుండా మణికట్టుకు గుడ్డలు చుట్టుకున్నారు. మాట రాకుండా సంజమ్మ అందరికీ బుగ్గ నిండా వక్కాకు పెట్టింది. చేను ఆ కొసన వరసగా నిలబడి, వంగి, కోయడం మొదలుపెట్టారు. నోటీసులో ఏ ఒక్క అక్షరమూ ఉల్లంఘించలేదు. కొడవలి కట్టెను కోసే చిన్న చప్పుడు తప్ప ఏమీ లేదు. దాన్ని గడ్డి మేసే శబ్దం అనుకున్నారు అతిథులు.

మృణాళిని గారు పరుగున వచ్చి, ఆపమని చెప్పబోయి ఆగిపోయారు. చెప్పాలంటే గోడ మీద నుంచి కేక వేయాలి. కేక నిషిద్ధం. చేతులు ఊపారు. సంజమ్మ కూడా చేతులు ఊపింది. బాగానే ఉన్నావా అన్నట్టు.

అతిథులు ఫారాలు నింపుతూనే ఉన్నారు. 'మనుషులు, ఆడ, పదహారు, ముఖభాగం' అని ముగ్గురు రాశారు. దాన్ని ఆరో జాతిగా లెక్కించాలా వద్దా అనేది ఇప్పటికీ తేలలేదు.

సాలు తర్వాత సాలు నేలకు వాలుతున్న కొద్దీ లోపల దాక్కున్న జీవాలు ఒక్కో సాలే వెనక్కి జరుగుతూ వచ్చాయి. వెనక ఉన్నది గోడ. గోడలో ఉన్నది సందు. తొమ్మిదిన్నరకు చివరి నాలుగు సాళ్లు మిగిలేసరికి, పిల్లాపాపలతో నలభైకి తక్కువ కాకుండా పందులు, వాటితో పాటు జింకలు, కుందేళ్లు, ఒక నక్క అన్నీ ఒకేసారి సందులోంచి రిసార్టులోకి వచ్చి పడ్డాయి. కుర్చీల మధ్య నుంచి వెళ్లాయి. ఒక కాఫీ ట్రే కూడా కొంత దూరం వెళ్లింది. ఆ రోజు నమోదైనవన్నీ ముఖభాగ దర్శనాలే. అతి సమీపం నుంచి.

పదింటికి కంది మొత్తం మోపులు కట్టి ఉంది. సంజమ్మ వక్కాకు ఉమ్మి, "ఇంక మాట్లాడుకోండమ్మా" అంది.

అసలు కార్యక్రమం ఆ తర్వాత మొదలైంది. చేను పోయింది, పందులకు ఆకలి పోలేదు. అవి పచ్చిక మీద పడ్డాయి. మొదటి రోజు రెండు గుంతలు, రెండో రోజు ఆరు, మూడో రోజుకు మైదానం మొత్తం అడుగు లోతున తిరగబడింది. మంచు విడిపోయాక ఆటకు వచ్చినవాళ్లకు గుంతలు లెక్క తేలలేదు. బంతి ఏ గుంతలో పడినా గుంతే కదా అని ఒకాయన పట్టుబట్టి, ఒక్క దెబ్బకు ఆట ముగించానని సర్టిఫికెట్ అడిగాడు.

నాలుగో రోజు విశ్వంభర్ గారికి హెడ్డాఫీసు నుంచి రెండు ఉత్తరాలు వచ్చాయి. వన్యప్రాణి వీక్షణలో రికార్డు సాధించినందుకు అభినందనలు ఒకదాంట్లో. పచ్చికను కాపాడలేకపోయినందుకు సంజాయిషీ ఇవ్వమని ఇంకోదాంట్లో. జంతువులు తగ్గకూడదు, పచ్చిక పాడవకూడదు అని రెండింటి సారాంశం.

ఆయన మారెన్నను పిలిచి, డబ్బా వెనక్కి ఇప్పించి, పదింటి తర్వాత మాత్రం, మర్యాదగా, తోలమన్నారు.

"తోల్తా సార్. యాడికి పోవల్ల అవి?" అన్నాడు మారెన్న. "ఆ పక్క చేను లేదు. తిండి లేని చోటికి తోలితే ఇట్ల పోయి అట్ల వస్తాయి. చేనుంటేనే అవి ఆడికి పోయేది. ఆడుంటేనే మా సంజమ్మ ఈడికి తోలేది. అట్లనే కదా సార్ ఇన్నేండ్లూ మీ పచ్చిక నిలబడింది."

విశ్వంభర్ గారు కిటికీలోంచి మైదానాన్ని చూశారు. తర్వాత నన్ను వెంటబెట్టుకుని, బూట్లతోనే దుక్కి తొక్కుకుంటూ, సందులోంచి అవతలికి దిగారు.

చేని పక్కనే కళ్లం. సంజమ్మ కంది కట్టెను కొట్టి, గాలికి ఎత్తి పోస్తోంది. పొట్టు పక్కకు ఎగిరి, కింద ఎర్రటి కందులు కుప్పగా పడుతున్నాయి. చేను నాలుగో వంతు పోయినా, మూడేళ్లలో ఆమె ఇల్లు చూసిన మొదటి కుప్ప అది. మమ్మల్ని చూసి చేట దించలేదు.

"అమ్మా" అన్నారు విశ్వంభర్ గారు. "మా యాజమాన్యం ఈ చేనును కీలక భాగస్వామిగా గుర్తించింది. మీరు వెంటనే ఏదైనా పంట వేయాలి. జంతువులకు ఇష్టమైనది."

"నా నేల అలసిపోయింది సామీ. వానలకు గానీ మడక కట్టి దున్నను."

"అంతదాకా ఆగలేమమ్మా. ఏం పంటైనా సరే."

సంజమ్మ చేట పక్కన పెట్టి, ఆయన భుజం మీదుగా గోడ సందులోకి చూసింది. సందు అవతల పద్దెనిమిది గుంతల మైదానం, ఈ కొస నుంచి ఆ కొస దాకా, మెత్తగా, నల్లగా, పందులు దున్నిపెట్టిన దుక్కిగా పరుచుకుని ఉంది. దాని మీద నీళ్లు చిమ్మే గొట్టాలు గిర్రున తిరుగుతున్నాయి.

"నా చేను ఎందుకు సామీ? మీ నేల అంత బాగా దున్ని ఉండాది. నీళ్లా, పైన్నుంచి పడుతుండాయి. ఇప్పుడు సెనక్కాయ ఏస్తే మూడున్నర నెలకు వస్తాది. పందులకు దాని మీద ప్రాణం. విత్తనం కావల్నంటే నేను చెప్పిస్తా."

నేను అలవాటు కొద్దీ ఇంగ్లీషులోకి మార్చబోయాను. విశ్వంభర్ గారు చెయ్యెత్తి వద్దన్నారు. వెనక్కి తిరిగి తన మైదానాన్ని చూసుకున్నారు. వంగి, గుప్పెడు మట్టి తీసుకుని, వేళ్లతో నలిపారు. జేబులోంచి నోట్సు పుస్తకం, మూత పెట్టిన కలం బయటికి తీశారు.

"సాలుకూ సాలుకూ మధ్య ఎంత ఎడం వదలాలమ్మా?" అని అడిగారు.

సంజమ్మ చేట మళ్లీ పైకెత్తింది.

"మేమైతే జానెడు ఇడుస్తాం సామీ. మీకు పంది పట్టేంత ఇడిస్తే చాలు."